ఫ్యూజు పోయిందా? ప్రాణం నిలిచినట్టే!
లావు తీగ చుడితే దీపం వెలుగుతుంది. ముప్పు తీగను పట్టుకుని వేలాడుతుంది

పొందూరు: ఈదురు గాలి వీస్తుంది. గట్టు మీది తాటి మట్ట విరిగి కరెంటు తీగల మీద పడుతుంది. ‘ఠప్’మని ఒక మోత. ఊరంతా చీకటి. వీధి అరుగుల మీద నుంచి ఒకటే మాట: ‘ఫీజు పోయింది’. ఆ వెనువెంటనే లైన్‌మన్ మీద, కరెంటాఫీసు మీద విసుగు. పొందూరు మండలంలో లోలుగు, రాపాక, తోలాపి, తాడివలస, ఏ ఊరైనా వానాకాలపు సాయంత్రాలలో ఇదే వరస.

అయితే ఆ చీకటి వెనుక ఒక మేలు వుందని తలచేవారు తక్కువ. మట్ట పడిన చోట కరెంటు అదుపు తప్పింది. ఆ సంగతి ముందుగా గుర్తించింది ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరి సన్నని ఫ్యూజు తీగ. తాను కరిగిపోయి లైనును చంపింది. అది కరగకపోతే తీగ తెగి వీధిలోనో, నారుమడిలోనో పడి వుండేది. తెల్లవారుజామున పొలానికి వెళ్ళే మనిషో, మేతకు తోలిన గేదో దాని మీద కాలు వేసేది.

తెగిన తీగలో పారే కరెంటు ఎంత? అది ఎంతసేపట్లో ఆగింది? ఈ రెండు ప్రశ్నల మీదే ప్రాణం ఆధారపడి వుంది. కరెంటు మరీ ఎక్కువ పారితే ట్రాన్స్‌ఫార్మర్ కాలుతుంది. మరీ తక్కువ పారితే ఫ్యూజు దానిని గుర్తించదు, మనిషి బలి అవుతాడు. ఈ రెంటి మధ్య లైనును నిలపడమే విద్యుత్ పంపిణీలో అసలు పని.

నూలుకు కౌంటు, ఫ్యూజుకు నెంబరు

పొందూరు పేరు చెప్పగానే సన్న ఖద్దరు గుర్తుకు వస్తుంది. వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి, ఏకులు చేసి, ఒంటి కదురు రాట్నం మీద నూరు కౌంటు నూలు తీసే వనితలు వున్న ఊరు ఇది. ఏ పోగు ఎంత లాగితే తెగుతుందో వారి వేళ్ళకు తెలుసు. అరవై కౌంటు పోగును నూరు కౌంటు అని ఇస్తే ఒక్క క్షణంలో పట్టేస్తారు.

ఫ్యూజు తీగకు కూడా అలాంటి లెక్కే వుంది. కళాయి పూసిన రాగి తీగ 5 ఆంపియర్లకు అయితే 0.2 మిల్లీమీటర్ల మందం వుండాలి. 10 ఆంపియర్లకు 0.35, 15 ఆంపియర్లకు 0.5, 30 ఆంపియర్లకు 0.85 మిల్లీమీటర్లు. ఏ తీగ అయినా తన లెక్కకు సుమారు రెండింతలు కరెంటు పారినప్పుడు కరుగుతుంది. తెగవలసిన సమయంలో తెగడమే దాని ఉద్యోగం.

కాని జరుగుతున్నది ఏమిటి? ఫ్యూజు తరచు పోతోందని దాని స్థానంలో రెండు మూడు పోగులు కలిపి చుడతారు. లేదా లైనులో మిగిలిన అల్యూమినియం తీగ ముక్క నుంచి ఒక పోగు విప్పి బిగిస్తారు. ‘ఇక ఏడాది దాకా బెంగ లేదు’ అనుకుంటారు. పల్లె లైన్లలో వాడే అతి సన్నని అల్యూమినియం తీగలోని ఒక్క పోగు మందమే 2.11 మిల్లీమీటర్లు. అది కరగాలంటే లెక్క ప్రకారం సుమారు 180 ఆంపియర్లు పారాలి. 25 కె.వి.ఎ. ట్రాన్స్‌ఫార్మర్ నిండు లోడులో ఇవ్వగలిగింది ఒక్కో ఫేజు మీద 33 ఆంపియర్లు. అంటే ట్రాన్స్‌ఫార్మర్ తన శక్తికి అయిదు రెట్లు మోస్తూ ఉడికిపోతున్నా ఆ పోగు చెక్కుచెదరదు. ఫ్యూజు ట్రాన్స్‌ఫార్మర్‌ను కాపాడవలసింది పోయి, ట్రాన్స్‌ఫార్మరే కాలిపోయి ఫ్యూజును కాపాడుతుంది!

మదుము ఎంతో గండి అంత

తీగకు తీగ తగిలినా, తీగ నేలను తాకినా కరెంటు తన దారి విడిచి అడ్డదారిన పరుగు తీస్తుంది. ఇంజినీర్లు దీనిని ఫాల్టు అంటారు. రైతు భాషలో చెప్పాలంటే కాలువకు గండి పడటం. గండి పడినంత మాత్రాన చెరువులోని నీరంతా ఒక్కసారి రాదు. మదుము ఎంత వెడల్పో అంతే వస్తుంది. కరెంటుకు ఆ మదుము ట్రాన్స్‌ఫార్మర్.

ఊరి ఇళ్ళకు కరెంటు ఇచ్చే 100 కె.వి.ఎ. ట్రాన్స్‌ఫార్మర్‌నే తీసుకుందాం. 11 వేల వోల్టుల కరెంటును అది 433 వోల్టులకు దించుతుంది. నిండు లోడులో ఒక్కో ఫేజు మీద 133 ఆంపియర్లు ఇస్తుంది. దాని దగ్గరలోనే మూడు ఫేజులూ కలిసిపోతే సుమారు 3 వేల ఆంపియర్లు పారుతుంది. ఇది 22 రెట్లు. అంతకు మించి పారదు. ఎందుకంటే లోపలి చుట్టలే కరెంటుకు కొంత అడ్డు నిలుస్తాయి. ఆ అడ్డును ఇంపీడెన్సు అంటారు. ఇటువంటి ట్రాన్స్‌ఫార్మర్లకు అది సాధారణంగా 4.5 శాతం. నూటిని నాలుగున్నరతో భాగిస్తే వచ్చేది ఆ 22 రెట్లే. ఈ అడ్డు వుండటం లోపం కాదు. గండిలో పారే నీటికి హద్దు పెట్టడానికే ఆ కొలతతో తయారు చేస్తారు.

22 రెట్ల కరెంటు అంటే 22 రెట్ల వేడి అనుకుంటే పొరపాటు. కరెంటు రెండింతలైతే వేడి నాలుగింతలు అవుతుంది. 22 రెట్లయితే 22ను 22తో గుణించాలి. దాదాపు 500 రెట్ల వేడి! చుట్టలను పక్కకు నెట్టే తోపుడు కూడా ఇదే లెక్కన పెరుగుతుంది. అందుకే ఇటువంటి దెబ్బకు ట్రాన్స్‌ఫార్మర్ తట్టుకోవలసిన వ్యవధిని రెండు సెకన్లుగా భారత ప్రమాణాలు నిర్ణయించాయి. ఆ రెండు సెకన్లలోగా ఫ్యూజు పని ముగించాలి. సరైన తీగ వుంటే కనురెప్పపాటులో ముగిస్తుంది. లావు తీగ వుంటే చుట్టలు మాడి, ఆయిల్ పొంగి, ఊరు రోజుల తరబడి కొత్త ట్రాన్స్‌ఫార్మర్ కోసం ఎదురు చూస్తుంది.

లైను చివర తిరకాసు

ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫాల్టు వస్తే కరెంటు వేల ఆంపియర్లలో పారుతుంది కనుక ఫ్యూజుకు సులువుగా తెలుస్తుంది. చిక్కంతా లైను చివరనే వుంది.

లైను తీగలకు జంతువుల పేర్లు పెట్టారు. సన్నదాని పేరు స్క్విరల్, అంటే ఉడుత. దానికంటే లావైనవి వీజిల్, ర్యాబిట్. ఒక కిలోమీటరు స్క్విరల్ తీగ కరెంటుకు సుమారు 1.4 ఓముల అడ్డు పెడుతుంది. ఫేజు మీద వెళ్ళి న్యూట్రల్ మీద తిరిగి రావాలి కనుక 2.8 ఓములు. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి ఒక కిలోమీటరు దూరంలో ఫేజు తీగ న్యూట్రల్‌ను తాకిందనుకుందాం. ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య 250 వోల్టులు. లెక్క వేస్తే పారే కరెంటు సుమారు 80 ఆంపియర్లు మాత్రమే.

ఇక్కడే ఆగి ఆలోచించాలి. ఆ 100 కె.వి.ఎ. ట్రాన్స్‌ఫార్మర్ మామూలుగా ఇచ్చేదే 133 ఆంపియర్లు. దాని ఫ్యూజు అంత కరెంటును నిశ్చింతగా పోనివ్వాలి. మరి 80 ఆంపియర్ల ఫాల్టును చూసి అది ఎందుకు కరుగుతుంది? నాలుగు మోటార్లు ఎక్కువ నడుస్తున్నాయని అనుకుంటుంది. అక్కడ పొలంలో తీగలు నిప్పులు కక్కుతున్నా ఇక్కడ ఫ్యూజు చల్లగా వుంటుంది. స్తంభం నుంచి స్తంభానికి పొడిగించుకుంటూ పోయిన పాత లైన్ల చివర మెరుపులు, నిప్పురవ్వలు కనిపించినా కరెంటు పోకపోవడానికి కారణం ఇదే.

తీగ న్యూట్రల్‌ను కాక ఒట్టి నేలను తాకితే పరిస్థితి ఇంకా విషమిస్తుంది.

నేల మీది తీగకు ప్రాణం వుంటుంది

‘తీగ తెగి పడితే కరెంటు దానంతట అదే పోతుంది’ అని చాలామంది నమ్మకం. ఈ నమ్మకమే ప్రాణాలు తీస్తోంది. నేల అంటే లోహం కాదు. ఎండిన నేల కరెంటును సులువుగా పోనివ్వదు.

అమెరికాలో 12,500 వోల్టుల లైను తీగలను రకరకాల నేలల మీద పడవేసి పరీక్షించారు. పొడి ఇసుక మీద, తారు రోడ్డు మీద పడిన తీగలో పారిన కరెంటు దాదాపు సున్నా. తడి ఇసుక మీద 15 ఆంపియర్లు. ఎండు గడ్డి మీద 25, తడి గడ్డి మీద 50. ఇనుప చువ్వలు వేసిన కాంక్రీటు మీద 75. మన పల్లెలకు వచ్చే 11 కె.వి. లైను కూడా ఇంచుమించు అదే తరగతిది.

ఇటు సబ్ స్టేషన్ సంగతి చూడాలి. 33 కె.వి.ని 11 కె.వి.కి దించే 5 ఎం.వి.ఎ. ట్రాన్స్‌ఫార్మర్ నిండు లోడులో 262 ఆంపియర్లు ఇస్తుంది. సబ్ స్టేషన్ దగ్గరలో ఫాల్టు వస్తే 3,500 ఆంపియర్లు దాటి పారుతుంది. అప్పుడు రిలే గుర్తించి, బ్రేకరు ట్రిప్ అయి, ఫీడరు ఆగిపోతుంది. కాని నేల మీద పడిన తీగలో 15, 20 ఆంపియర్లే పారుతుంటే అది మామూలు లోడులో కలిసిపోతుంది. ఇందుకోసమే ఫీడర్లకు ఎర్త్ ఫాల్ట్ రిలే అని వేరుగా పెడతారు. అది నేలలోకి పోతున్న కరెంటును విడిగా చూస్తుంది. అయినా పొడి ఇసుక మీద పడిన తీగను కనిపెట్టడం దానికి కూడా కష్టమే.

మనిషి గుండెకు ఎంత కావాలి? ఆంపియరులో పదో వంతు కూడా అక్కరలేదు. ఫ్యూజుకు వందల ఆంపియర్లు, రిలేకు పదుల ఆంపియర్లు కావాలి. ఆ తేడాలోనే మృత్యువు పొంచి వుంది.

పశువులకు ముప్పు మరీ ఎక్కువ. తీగ పడిన చోట నుంచి నేలలో వోల్టేజి చుట్టూ పరచుకుంటుంది. దగ్గరలో ఎక్కువ, దూరం పోయేకొద్దీ తక్కువ. ముందు కాళ్ళకూ వెనుక కాళ్ళకూ మధ్య దూరం ఎక్కువ కనుక ఆవుకు, గేదెకు ఆ తేడా గట్టిగా తగులుతుంది. మనిషికి జివ్వుమనిపించిన చోట గేదె అక్కడికక్కడే కూలడానికి కారణం ఇది.

తాడిమర్రి, కాట్రగడ చెప్పిన పాఠం

2022 జూన్ 30న శ్రీ సత్యసాయి జిల్లా తాడిమర్రి మండలం చిల్లకొండయ్యపల్లి వద్ద ఘోరం జరిగింది. పొలం పనులకు కూలీలు వెళుతున్న ఆటో మీద 11 కె.వి. తీగ తెగి పడింది. ఆటో మంటలలో చిక్కుకుని అయిదుగురు మరణించారు. ఉడుత ఒకటి స్తంభం మీద తీగను తాకడం వల్ల తీగ తెగిందని అధికారులు అప్పట్లో ప్రకటించారు. ఉడుత తాకిందా లేదా అన్న దాని మీద రాష్ట్రమంతా చర్చ జరిగింది. తీగ తెగాక కరెంటు ఎంత త్వరగా ఆగాలి, అలా ఆగడానికి ఏమేమి సరిగా వుండాలి అన్న ప్రశ్న మాత్రం ఆ గోలలో వెనుకబడింది.

శ్రీకాకుళానికి పొరుగునే 2023 మే 12న మరో విషాదం జరిగింది. పార్వతీపురం మన్యం జిల్లా భామిని మండలం కాట్రగడ వద్ద పొలాల్లోకి వచ్చిన ఏనుగులలో నాలుగు ట్రాన్స్‌ఫార్మర్‌ను తాకి చనిపోయాయి. పొలం మధ్యన చేతికి అందేంత ఎత్తులో, కంచె లేకుండా వుండే ట్రాన్స్‌ఫార్మర్ ఏనుగుకైనా, పశువుల కాపరి పిల్లవాడికైనా ఒకటే.

చిన్న ట్రాన్స్‌ఫార్మర్ చేసిన మేలు

ఈ చిక్కుకు ఆంధ్రప్రదేశ్‌లో వెతికిన మార్గం హెచ్.వి.డి.ఎస్. అంటే హై వోల్టేజి పంపిణీ విధానం. 1959లో ఏర్పడిన రాష్ట్ర విద్యుత్ బోర్డు కాలంలో పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి పెట్టి, దాని నుంచి 433 వోల్టుల లైను పొలాల మీదుగా దూరం లాగి, పదిహేను ఇరవై మోటార్లకు కరెంటు ఇచ్చేవారు. 2000 సంవత్సరంలో పంపిణీ సంస్థలు ఏర్పడి, శ్రీకాకుళం జిల్లా తూర్పు ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ కిందికి వచ్చింది. ఆ తరువాతి సంవత్సరాలలో వ్యవసాయ లైన్లను కొత్త పద్ధతికి మార్చడం మొదలైంది. 11 కె.వి. లైనునే పొలం దాకా తెచ్చి, రెండు మూడు మోటార్లకు ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మర్ పెడతారు.

దీనివల్ల దారిలో వృథా అయ్యే కరెంటు తగ్గుతుందని, వోల్టేజి నిలకడగా వుంటుందని, మోటార్లు తక్కువగా కాలుతాయని రైతులకు తెలిసినదే. తెలియని మేలు మరొకటి వుంది. 25 కె.వి.ఎ. ట్రాన్స్‌ఫార్మర్ మామూలు కరెంటు 33 ఆంపియర్లు. దాని దగ్గర ఫాల్టు వస్తే ఎంత గట్టిగా వచ్చినా 740 ఆంపియర్ల వద్ద ఆగుతుంది. పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ ఇచ్చే 3 వేలలో ఇది నాలుగో వంతు. మదుము చిన్నదయింది కనుక గండి ఉధృతి తగ్గింది. ఇక లైను పొడవు కొద్ది స్తంభాలే కనుక చివర వచ్చిన ఫాల్టు కూడా మామూలు కరెంటుకు ఎన్నో రెట్లు వుండి ఫ్యూజుకు స్పష్టంగా తెలుస్తుంది. పోయినా ఇద్దరు ముగ్గురు రైతులకే పోతుంది, ఊరంతటికీ కాదు.

అయితే ఈ మేలు రెండు షరతుల మీద ఆధారపడింది. ఒకటి: ఆ చిన్న ట్రాన్స్‌ఫార్మర్‌కు దాని కొలతకు తగిన ఫ్యూజే వుండాలి. అల్యూమినియం పోగు బిగిస్తే కోట్ల రూపాయల పథకం ఆ పోగు దగ్గరే ఓడిపోతుంది. రెండు: ఈ పద్ధతిలో 11 కె.వి. తీగ పొలం నడిబొడ్డుకు వస్తుంది. అది తెగితే 433 వోల్టుల తీగ కంటే ప్రమాదం. కాబట్టి వేలాడే తీగలు, ఒరిగిన స్తంభాలు ఎప్పటికప్పుడు సరిచేయవలసి వుంటుంది. ముఖ్యంగా ఈ జిల్లాకు తుపాను కొత్త కాదు. 2018 అక్టోబరు 11న పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ తుపానులో జిల్లాలో వేల సంఖ్యలో స్తంభాలు నేలకొరిగాయి.

దూరదేశంలో కొత్త మార్గం

నేల మీద పడిన తీగ సమస్య మన పల్లెలదే కాదు. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో 2009 ఫిబ్రవరి 7న చెలరేగిన కార్చిచ్చులలో 173 మంది మరణించారు. వాటిలో అతి ఘోరమైన కిల్మోర్ ఈస్ట్ మంట తెగిన విద్యుత్ తీగ వల్లనే పుట్టింది. ఆ ఒక్క మంటలో పోయిన ప్రాణాలు 119. ఆ తరువాత అక్కడి ప్రభుత్వం 45 సబ్ స్టేషన్లలో కొత్త పరికరాలు పెట్టాలని నిర్ణయించింది. 22 కె.వి. తీగ ఏదైనా నేలను తాకితే ఆ పరికరం కనిపెట్టి, ఆ ఒక్క తీగలోని వోల్టేజిని రెండు సెకన్లలో 250 వోల్టులకు దించివేస్తుంది. నిప్పు పుట్టించేంత కరెంటు ఇక పారదు.

ఇందులోని కిటుకు పాతదే. 1916లో జర్మనీకి చెందిన వాల్డెమార్ పీటర్సన్ అనే ఇంజినీరు కనిపెట్టిన తీగచుట్ట దీనికి మూలం. ట్రాన్స్‌ఫార్మర్ న్యూట్రల్‌ను తిన్నగా నేలకు కలపకుండా ఆ చుట్ట ద్వారా కలిపితే, నేలలోకి పారే ఫాల్టు కరెంటు బాగా తగ్గిపోతుంది. మన 11 కె.వి. లైన్లలో న్యూట్రల్‌ను తిన్నగా నేలకు కలిపి, ఫాల్టు కరెంటు పారగానే బ్రేకరు ట్రిప్ అయ్యే పద్ధతి అమలులో వుంది. ఏ పద్ధతికి ఆ ఖర్చు, ఆ జాగ్రత్త వున్నాయి. మన పద్ధతిలో ఎర్తు బాగుండటం, రిలే సరిగా పనిచేయడం, ఫ్యూజు కొలతకు వుండటం, ఈ మూడూ తప్పనిసరి.

ఎండిన ఎర్తు గుంత

ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మ పక్కన నేలలోకి దిగిన ఇనుప పట్టీలు, పైపులు అందరూ చూసేవే. న్యూట్రల్‌కు, ట్రాన్స్‌ఫార్మర్ బాడీకి, పిడుగు నిరోధకాలకు ఎర్తు గుంతలు వుంటాయి. వాటిలో పైపు చుట్టూ బొగ్గు, ఉప్పు వేసేది తేమ నిలవడానికే. వేసవిలో గుంత ఎండిపోతే, పట్టీ తుప్పు పట్టి తెగిపోతే, ఎవరైనా దొంగిలించుకుపోతే ఫాల్టు కరెంటు తిరిగి వచ్చే దారి మూసుకుపోతుంది.

ఒక చిన్న లెక్క. ఇంట్లో మోటారు బాడీకి ఫేజు తగిలింది. ఇంటి ఎర్తు 5 ఓములు, ట్రాన్స్‌ఫార్మర్ ఎర్తు 5 ఓములు అయితే 240 వోల్టులకు 24 ఆంపియర్లు పారుతుంది. 5 ఆంపియర్ల ఇంటి ఫ్యూజు వెంటనే పోతుంది. అవే ఎర్తులు ఎండిపోయి 50, 50 ఓములు అయ్యాయనుకుందాం. పారేది 2.4 ఆంపియర్లు. ఫ్యూజు పోదు. మోటారు బాడీ మాత్రం కరెంటుతో కాచుకుని వుంటుంది. తడి చేత్తో తాకిన ఇల్లాలి పని అంతే. ఇటువంటి చోట ఫ్యూజు చాలదు. 30 మిల్లీ ఆంపియర్ల లీకును పసిగట్టి కరెంటును ఆపే ఆర్.సి.సి.బి. అనే స్విచ్చి ఇంటికి పెట్టించుకోవడం మేలు. అది ఫ్యూజు వంటిది కాదు. వెళ్ళిన కరెంటు, తిరిగి వచ్చిన కరెంటు సరిపోయాయా అని చూస్తుంది. తేడా వస్తే ఆపుతుంది.

తప్పు ఒక్కరిది కాదు

రైతు లావు తీగ ఎందుకు బిగిస్తాడు? సరదాకు కాదు. నారుమడి ఎండుతుంటుంది. మూడు ఫేజులు వుండేదే పగటి పూట కొద్ది గంటలు. ఆ వేళలోనే ఫ్యూజు పోతుంది. లైన్‌మన్ చేతిలో అనేక ఊళ్ళు వుంటాయి. అతను వేరే ఊళ్ళో స్తంభం మీద వుంటాడు. ఎదురు చూసి చూసి, ఏబీ స్విచ్ లాగి, తానే ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కుతాడు. స్విచ్ కత్తులు మూడింటిలో ఒకటి తుప్పు పట్టి విడిపోకపోతే పైన కరెంటు వుండిపోతుంది. కింద నుంచి చూసేవారికి స్విచ్ లాగినట్టే కనిపిస్తుంది. ఊళ్ళలో ఇలా పోయిన ప్రాణాల కథలు పెద్దలు వేళ్ళ మీద చెబుతారు.

గ్రామ సచివాలయాలు 2019 అక్టోబరు 2న మొదలయ్యాక ఇంధన సహాయకుల నియామకం జరిగింది. ఫ్యూజు వేయడం వారి పని, లైన్‌మన్ పని. రైతు పని కాదు. అయితే అడగగానే మనిషి వస్తాడన్న నమ్మకం, సరైన నెంబరు ఫ్యూజు తీగ ఎప్పుడూ దొరుకుతుందన్న నమ్మకం కలిగినప్పుడే రైతు ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మ ఎక్కడం మానతాడు. ఒక మూర ఫ్యూజు తీగ ధరను, కాలిన ట్రాన్స్‌ఫార్మర్ ధరను పక్కపక్కన పెట్టి చూస్తే ఎక్కడ శ్రద్ధ పెట్టాలో ఎవరికైనా తెలుస్తుంది. ప్రాణం ధర ఏ లెక్కకూ అందదు.

గ్రామస్తులు గమనించవలసినవి

తీగ తెగి పడి వుంటే అది చచ్చిన తీగ అనుకోరాదు. కనీసం పది మీటర్ల దూరంలో ఆగాలి. ఒకరు కాపలా వుండి మనుషులను, పశువులను ఆపాలి. మరొకరు సబ్ స్టేషన్‌కు గాని, 1912 నెంబరుకు గాని ఫోను చేయాలి. స్తంభం మీది నెంబరు చెబితే చోటు త్వరగా తెలుస్తుంది. ట్రిప్ అయిన ఫీడరును కొంతసేపటికి మళ్ళీ వేసి చూడటం సబ్ స్టేషన్లలో మామూలు. ఇప్పుడు కరెంటు లేని తీగలోకి మరుక్షణం రావచ్చు. అందుకే ఫోను ఆలస్యం కారాదు.

తీగకు దగ్గరలో చిక్కుకుంటే పరుగెత్తరాదు. పెద్ద అంగలు వేయరాదు. రెండు పాదాలు కలిపి వుంచి, నేల మీద ఈడ్చుకుంటూ దూరంగా రావాలి. ఆటో మీద, ట్రాక్టరు మీద తీగ పడితే లోపలే కదలకుండా వుండాలి. మంట లేచి దిగక తప్పకపోతే బండినీ నేలనూ ఒకేసారి తాకకుండా రెండు కాళ్ళూ కలిపి దూకాలి.

కర్రతో తీగను నెట్టే సాహసం 11 కె.వి. దగ్గర పనికిరాదు. తడి కర్ర కూడా తీగ వంటిదే. అడవి పందుల కోసం కంచెకు కరెంటు పెట్టడం చట్టరీత్యా నేరం. పైగా ఆ కంచెలో పారే కొద్దిపాటి కరెంటుకు ఏ ఫ్యూజూ పోదు. పందికి పెట్టిన ఉరిలో పొరుగు రైతు పడిన సందర్భాలు రాష్ట్రంలో ఎన్నో వున్నాయి.

ఖరీఫ్ పనులు మొదలు కాకముందే, జూన్ నెలలో ఒక పూట, ప్రతి ట్రాన్స్‌ఫార్మర్ కింది రైతులు లైన్‌మన్‌ను పిలిచి నాలుగు విషయాలు అడిగి చూపించుకోవాలి. ఫ్యూజు తీగ ట్రాన్స్‌ఫార్మర్ కొలతకు వుందా? ఎర్తు పట్టీలు తెగకుండా వున్నాయా? ఏబీ స్విచ్ మూడు కత్తులూ పూర్తిగా విడిపోతున్నాయా? లైను మీదికి వంగిన తాటి, కొబ్బరి మట్టలు కొట్టించారా? వేసవిలో ఎర్తు గుంతలో రెండు బిందెల నీళ్ళు పోయడం రైతులే చేయగల పని. అయితే కంచె దాటి లోపలికి వెళ్ళడం, పట్టీలు తాకడం మాత్రం సిబ్బంది లేకుండా చేయరాదు.

రాట్నం మీద పోగు తెగితే పొందూరు వనిత విసుక్కోదు. ఎక్కడ ముడి పడిందో, ఎక్కడ ఏకు తేడాగా వచ్చిందో చూసి, సరిచేసి, మళ్ళీ అతికి వడుకుతుంది. ఫ్యూజు పోయినప్పుడు ఊరు చేయవలసిందీ అదే. లావు తీగ కోసం వెతకడానికి ముందు, లైను వెంట నాలుగు స్తంభాలు నడిచి, అది ఎందుకు పోయిందో చూడాలి.